వెర్షన్ మారితే డిస్క్ మారదు

పెళ్లి వీడియోను డిస్క్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఉండేవి మూడే పనులు. క్యాసెట్‌లోనో కార్డులోనో ఉన్న బొమ్మను కంప్యూటర్‌లోకి తేవడం మొదటిది. దాన్ని కోసి, అతికించి, పాటలూ పేర్లూ కలపడం రెండోది. స్టూడియోల్లో దీన్నే మిక్సింగ్ అంటారు. మిక్సింగ్ అయినదాన్ని డీవీడీ ప్లేయర్‌కు అర్థమయ్యే రూపంలోకి కుదించి, మెనూ పెట్టి, ఖాళీ డిస్క్ మీద రాయడం మూడోది. బండి ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో చూడకుండానే "కొత్త వెర్షన్ వేయించాలి" అనేయడం శంషాబాద్ రోడ్డు వెంట ఉన్న చిన్న స్టూడియోల్లోనూ, ఇంటి కంప్యూటర్‌లో సొంత వీడియోలు సర్దుకునేవాళ్లలోనూ అలవాటైపోయింది. బొమ్మ మసగ్గా వచ్చినా, డిస్క్ ఆడకపోయినా, పాట మధ్యలో గొంతు చీలినా తప్పు పాత వెర్షన్‌దే.

ఆ వాదంలో మూడు పాయలున్నాయి. కొత్త వెర్షన్‌లో క్లారిటీ ఎక్కువన్నది ఒకటి. కొత్తదానిలో సదుపాయాలు ఎక్కువన్నది రెండోది. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు కాబట్టి ఇప్పుడే మార్చడం మంచిదన్నది మూడోది. మొదటిది ఇప్పుడు పూర్తిగా తప్పు. రెండోది, ముఖ్యంగా డిస్క్ విషయంలో, చాలావరకు తలకిందులు. మూడోదానిలో కొంత నిజముంది. అయితే ఆ కొంత నిజం ఎక్కడుందో చెప్పుకుంటే వాదం మొత్తం చిన్నదైపోతుంది.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. ఒక కాలంలో అది నిజమే. 1990లలో పానసోనిక్ ఎం9000 లాంటి వీహెచ్‌ఎస్ కెమెరాను భుజాన వేసుకుని పెళ్లి తీసేవారు. రెండు వీసీఆర్‌ల మధ్య మిక్సర్ పెట్టి పూలు రాలినట్టు, గుండె ఆకారం విచ్చుకున్నట్టు ఎఫెక్టులు కలిపేవారు. ఆ తర్వాత వీసీడీ వచ్చింది. దాని బొమ్మ 352×288, ఒక్కో సీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. అందుకే ఒక్క పెళ్లికి మూడు నాలుగు సీడీలు చేతికొచ్చేవి. డీవీడీ రాగానే బొమ్మ 720×576 అయింది, కుదింపు పద్ధతి ఎంపెగ్-1 నుంచి ఎంపెగ్-2కు మారింది. పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ భాషే రాదు కాబట్టి మార్చక తప్పలేదు. 2003, 2004లలో హెచ్‌డీవీ కెమెరాలు వచ్చాయి. 2008లో వచ్చిన క్యానన్ 5డి మార్క్ 2తో స్టిల్ కెమెరాయే వీడియో కెమెరా అయింది. దాని హెచ్.264 ఫైళ్లను టైమ్‌లైన్ మీద పెడితే పాత సాఫ్ట్‌వేర్లు కదలకుండా కూర్చున్నాయి. అప్పుడూ మార్చక తప్పలేదు. ఆ కాలంలో ప్రతి కొత్త వెర్షన్ వెనుకా ఒక కొత్త కెమెరానో కొత్త డిస్కో ఉంది. ఆ కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

శంషాబాద్ విషయంలో ఆ కాలానికి ఇంకో ప్రత్యేకత ఉంది. విమానాశ్రయానికి 2005లో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి బేగంపేటకు బదులు ఇక్కడే విమానాలు దిగడం మొదలైంది. బెంగళూరు హైవేకు అటూ ఇటూ పొలాల్లో ఫంక్షన్ హాళ్లు లేచాయి, స్టూడియోలకు చేతినిండా పనొచ్చింది. ఊరు మారడమూ సాఫ్ట్‌వేర్ మారడమూ ఒక్కసారే జరగడంతో కొత్త వెర్షనంటే ఎదుగుదల అన్న లెక్క కుదిరిపోయింది. ఆ లెక్కలో ఎవరూ కలపనిది ఒకటుంది. 2005కు ముందు ఈ చుట్టుపక్కల ఊళ్లలో తీసిన పెళ్లి క్యాసెట్లలో ఊరేగింపు వెనకాల కనిపించే జొన్నచేలూ చింతచెట్లూ ఇప్పుడు లేవు. కొన్నిచోట్ల ఆ నేల మీద 4,260 మీటర్ల రన్‌వే ఉంది. ఆ దృశ్యాలను ఏ సాఫ్ట్‌వేరూ మళ్లీ తీసి ఇవ్వదు. ఉన్నదల్లా బీరువా అడుగున ఉన్న క్యాసెట్టే.

ఇక క్లారిటీ సంగతి. డీవీడీ వీడియో ప్రమాణం 1996లో ఖరారైంది. ఆ తర్వాత ఎన్ని సాఫ్ట్‌వేర్లు ఎన్ని వెర్షన్లు తెచ్చినా డిస్క్ మీద రాయాల్సింది మన దేశంలో 720×576 బొమ్మే, సెకనుకు 25 ఫ్రేములే, ఎంపెగ్-2 కుదింపే. ఇంతకంటే పెద్ద బొమ్మ రాస్తే ప్లేయర్ ఆ డిస్క్‌ను ఒప్పుకోదు. నాలుగు కె కెమెరాలో ఒక ఫ్రేమ్‌కు 3840×2160, అంటే 82,94,400 చుక్కలు. డీవీడీ ఫ్రేమ్‌లో 4,14,720. సరిగ్గా ఇరవైకి ఒకటి. అమ్మపల్లి రామాలయం గోపురం ముందు ప్రీవెడ్డింగ్ షూట్ చేసి, వెనకున్న శిల్పాల్లో ఒక్కో ముఖం కనిపించేలా నాలుగు కె లో తీసినా, డీవీడీలోకి వచ్చేసరికి ప్రతి ఇరవై చుక్కలూ కలిసి ఒక్కటైపోతాయి. గోపురం ఉంటుంది, ముఖాలుండవు. ఈ కుదింపు పాత వెర్షన్ చేసినా కొత్త వెర్షన్ చేసినా అంతే. 2000ల తొలి ఏళ్లలో ఎంపెగ్-2 కుదించే పద్ధతులు మెరుగైన మాట నిజం. వీడియోను ఒకసారి చూసుకుని రెండోసారి కుదించే టూ-పాస్ పద్ధతి అప్పుడే ఇళ్లలోకి వచ్చింది. చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అదుంటే ఆ మెరుగుదల ఇప్పటికే అందినట్టు.

మరి మసక ఎక్కణ్నుంచి వస్తోంది? లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు డీవీడీలో 470 కోట్ల బైట్లు పడతాయి, అంటే 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల వీడియోకు పంచితే సెకనుకు 52 లక్షల బిట్లు వస్తాయి. ముఖాలు, పట్టుచీర అంచులు, మండపం పూలు తేటగా నిలవడానికి అది చాలు. నలుగు నుంచి అప్పగింతల దాకా నాలుగు గంటలూ ఒకే డిస్క్‌లో కుక్కితే సెకనుకు దక్కేది 26 లక్షలే. అసలు దెబ్బ ఇక్కడే ధ్వని రూపంలో పడుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ధ్వనిని పీసీఎం అనే కుదించని రూపంలో రాసే అమరిక ఉంటుంది. దానికి సెకనుకు 15,36,000 బిట్లు కావాలి. 26 లక్షల్లోంచి అది తీసేస్తే బొమ్మకు మిగిలేది పదకొండు లక్షల లోపు. వీసీడీ తన చిన్న బొమ్మకు ఇచ్చేది సెకనుకు పదకొండున్నర లక్షలు. అంటే వీసీడీకన్నా నాలుగింతల చుక్కలున్న బొమ్మను వీసీడీకన్నా తక్కువ బిట్లతో నెట్టుకురమ్మంటున్నారన్నమాట. మంగళవాద్యాలు జోరందుకుని కెమెరా పక్కకు తిరిగేసరికి ఫ్రేమంతా చిన్న చిన్న గళ్లుగా విడిపోతే అది వెర్షన్ తప్పు కాదు.

దీనికి మందు సెట్టింగ్‌లలోనే ఉంది. ధ్వనిని సెకనుకు 2,24,000 బిట్ల ఎంపెగ్ ఆడియోకు మారిస్తే బొమ్మకు దాదాపు 24 లక్షల బిట్లు మిగులుతాయి, మునుపటికి రెండింతల పైనే. మన దేశంలో చెల్లే పాల్ టీవీ పద్ధతి డీవీడీలకు ఎంపెగ్ ఆడియో చెల్లుతుంది కాబట్టి డాల్బీ ధ్వని ఉన్న వెర్షనే కావాలన్న పట్టుదలకూ పనిలేదు. ఆ డాల్బీ డిజిటల్ పేటెంట్ల గడువు కూడా 2017లో తీరిపోయింది, ఉచిత సాఫ్ట్‌వేర్లలోనే ఇప్పుడది దొరుకుతుంది. ఇంకా తేట కావాలంటే పెళ్లిని రెండు డిస్కులు చేయడమో, 850 కోట్ల బైట్లు పట్టే రెండు పొరల డిస్క్ వాడడమో చేయాలి. కోఠిలోనో, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఇంకో ఖాళీ డిస్క్ కొనడానికయ్యే ఖర్చెక్కడ, కొత్త సాఫ్ట్‌వేర్ లైసెన్సూ దాని మీద 18 శాతం జీఎస్టీ ఎక్కడ!

వెర్షన్ మీద మోపే నిందల్లో తలంబ్రాల నింద ఇంకొకటి. పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి డిస్క్ చేశాక చూస్తే తలంబ్రాలు పోసే చోట బియ్యపు గింజలు కిందికి పడుతూ మధ్యలో పైకి ఎగిరి మళ్లీ పడుతున్నట్టు వణుకుతాయి. పెళ్లికూతురు తల తిప్పితే జడ అంచు రంపపు పళ్లలా విడిపోతుంది. పాత కెమెరాలు ప్రతి ఫ్రేమ్‌నూ రెండు సగాలుగా తీస్తాయి. సరి గీతలు ఒక సగం, బేసి గీతలు ఒక సగం, సెకనుకు యాభై సగాలు. ఏ సగం ముందు, ఏ సగం వెనక అన్నది మారిపోతే కాలం ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కు నడుస్తుంది. మినీ డీవీలో కింది సగం ముందు వస్తుంది. వీహెచ్‌ఎస్‌ను క్యాప్చర్ కార్డు ద్వారా ఎక్కిస్తే చాలాసార్లు పై సగం ముందు వస్తుంది. ప్రాజెక్టులో ఫీల్డ్ ఆర్డర్ అనే ఒక్క అమరికను క్యాసెట్‌కు తగ్గట్టు పెడితే గింజలు తిన్నగా పడతాయి. ఆ అమరిక తప్పు పెట్టి అత్యంత కొత్త వెర్షన్‌లో డిస్క్ చేసినా గింజలు ఎగురుతూనే ఉంటాయి.

విమానాశ్రయం పక్కనున్న ఊరు కాబట్టి ఇక్కడ ఎక్కువగా వినిపించాల్సిన ఫిర్యాదు మరొకటుంది. అమెరికాలో ఉన్న కూతురి కోసం సూట్‌కేస్‌లో ఆవకాయ సీసాల మధ్య భద్రంగా సర్దిన పెళ్లి డిస్క్ న్యూజెర్సీలో టీవీ ముందు పెడితే ఆడదు. అదే డిస్క్ దుబాయ్‌లోనూ కువైట్‌లోనూ హాయిగా ఆడుతుంది. కారణం సాఫ్ట్‌వేర్ వయసు కాదు. మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ పాల్ పద్ధతి చెల్లుతుంది. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 720×480 బొమ్మ, సెకనుకు 29.97 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్క్ పడదు. దీన్ని ఒక దేశపు డిస్క్‌ను ఇంకో దేశంలో ఆడనివ్వని రీజియన్ కోడ్ అనుకుని దాన్ని తీసేసే కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో చేసిన డిస్క్‌కు రీజియన్ కోడ్ ఉండదు. పదిహేనేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ కూడా ప్రాజెక్టు మొదట్లోనే పాల్ కావాలా ఎన్‌టీఎస్‌సీ కావాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను చదవకుండా ఓకే నొక్కడమే అలవాటైపోయింది. రాయడం ముగిసిందని డిస్క్‌ను మూసే ఫైనలైజ్ పని చేయకుండా బయటికి తీయడం, తొందరకు పోయి 16 రెట్ల వేగంతో రాయడం కూడా ఇదే కోవలోవి. రెండూ చేత్తో తెచ్చుకున్న రోగాలే.

సదుపాయాల పాయ దగ్గరికొస్తే చరిత్ర ఎదురు చెబుతుంది. డిస్క్ తయారీ విషయంలో కొత్త వెర్షన్లు ఇచ్చినదానికంటే తీసేసినది ఎక్కువ. విండోస్ విస్టా, విండోస్ 7లతో వచ్చిన డీవీడీ మేకర్ 2012లో విండోస్ 8 వచ్చేసరికి మాయమైంది. మూవీ మేకర్‌ను 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఆపిల్ ఐడీవీడీనీ, డీవీడీ స్టూడియో ప్రోనూ 2011 ప్రాంతంలోనే వదిలేసింది. అడోబీలో ప్రీమియర్‌కు తోడుగా మెనూలు కట్టే ఎన్‌కోర్ 2012 నాటి సీఎస్6తో ఆగిపోయింది. అంటే మంచి మెనూతో డిస్క్ చేయాలనుకునేవారు సీఎస్6 నుంచి ముందుకు వెళ్తే చేతిలో ఉన్న పనిముట్టే పోతుంది. ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్ రంగులు దిద్దడంలో మహా గట్టిది. డీవీడీ మెనూ కట్టడం మాత్రం దాని పని కాదు. ఇటు చూస్తే డిస్క్ రాయడానికి నేటికీ చాలామంది వాడే ఇమ్‌గ్‌బర్న్ చివరి వెర్షన్ 2013 నాటిది. అది రాసిన డిస్కులు ఆడుతూనే ఉన్నాయి, ఎందుకంటే డిస్క్ మారలేదు.

కంపెనీల చేతులు మారిన తీరు చూసినా వెర్షన్ నంబర్ వెనుక ఏముందో అర్థమవుతుంది. ఇళ్లలో బాగా వాడిన యూలీడ్ మొదట ఇంటర్‌వీడియో చేతికి, అక్కడి నుంచి కోరెల్ చేతికి పోయింది. పినాకిల్ స్టూడియోను 2005లో ఎవిడ్ కొంది, 2012లో అదీ కోరెల్‌కే చేరింది. సోనీ తన వేగాస్‌నూ డీవీడీ ఆర్కిటెక్ట్‌నూ 2016లో మాజిక్స్‌కు అమ్మేసింది. మన స్టూడియోల ఆరోప్రాణమైన ఎడియస్‌ను పుట్టించిన కానోపస్‌ను 2005లో గ్రాస్ వ్యాలీ తరఫున థామ్సన్ తీసుకుంది. కొన్న కంపెనీకి పెట్టుబడి రాబట్టుకోవాలి కాబట్టి కొత్త నంబరు రావాలి. ఆ నంబరు రావడానికి వినియోగదారుడి అవసరమే కారణమని అనుకోనక్కర్లేదు.

ఎడియస్ వాడేవాళ్ల మీద ఒత్తిడి ఇంకో దారిలో కూడా వస్తుంది. పాటకు తగ్గట్టు ఫొటోలు ఎగిరిపడే రెడీమేడ్ ప్రాజెక్టులను పెన్‌డ్రైవ్‌లలో కొంటారు. కొత్త వెర్షన్‌లో చేసిన ప్రాజెక్టును మామూలుగా పాత వెర్షన్ తెరవదు. పక్క స్టూడియోవాళ్ల దగ్గర కొత్త ప్రాజెక్టులు ఆడుతున్నాయన్న ఒక్క కారణానికి వెర్షన్ మార్చేస్తారు. అలా మార్చాక పాత ప్రాజెక్టును కొత్తదానిలో తెరిచి సేవ్ చేస్తే అది మళ్లీ పాత యంత్రంలో తెరుచుకోకపోవచ్చు. సగం మిక్సింగ్ అయిన పెళ్లి అక్కడే ఇరుక్కుంటుంది. నెలవారీ చందా పద్ధతిలో చిక్కు ఇంకోలా ఉంటుంది. 2013 నుంచి ప్రీమియర్ లాంటి అడోబీ ప్రొఫెషనల్ సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లు చందా మీదే వస్తున్నాయి. చందా కట్టడం ఆపితే సొంత ప్రాజెక్టు ఫైలు కూడా తెరుచుకోదు. ఏడాదికి రెండు పుట్టినరోజులు, ఒక బారసాల సర్దుకునే ఇంటికి ఇది వడ్డీ వ్యాపారి లెక్కలా తయారవుతుంది.

ఈ ఖర్చు తప్పించుకోవడానికి క్రాక్ దారి పట్టేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. ఉచితంగా కొత్త వెర్షన్ దొరుకుతుంటే పాతదెందుకన్నది వాళ్ల వాదన. స్టాప్ అనీ, డీజేవీయూ అనీ పేర్లున్న రాన్సమ్‌వేర్ 2018 నుంచి ముఖ్యంగా క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే పాకింది. కంప్యూటర్‌లోకి దిగగానే అది వీడియోలు, ఫొటోలు, పత్రాలన్నింటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. డేటా హార్డ్ డిస్క్ కూడా అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంటే ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ ఒక్క పూటలో పోతాయి. బకాయి డబ్బుల కోసం పెళ్లివారి వెంట స్టూడియో పడాల్సింది పోయి, వీడియో కోసం స్టూడియో వెంట పెళ్లివారు పడతారు.

ఇంతమాత్రాన ఎప్పుడూ మార్చకూడదని కాదు. మార్చాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి, వాటిలో మొదటిది లోపలికి వచ్చే ఫైలు. 2017 నుంచి ఐఫోన్లు వీడియోను హెచ్.265 రూపంలో తీస్తున్నాయి. ఆ ప్రమాణమే 2013లో వచ్చింది కాబట్టి అంతకు ముందటి సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలు చదవడం రాదు. ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని స్థిరంగా తీయవు, వెలుతురును బట్టి హెచ్చుతగ్గులు చేస్తాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో అలాంటి వీడియో పెడితే పది నిమిషాలయ్యేసరికి పంతులుగారి పెదవులకూ మంత్రానికీ పొత్తు తప్పుతుంది. అయినా దీనికి మొత్తం సాఫ్ట్‌వేర్ మార్చడమే మార్గం కాదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత పనిముట్టుతో ఫైలును హెచ్.264కూ స్థిరమైన ఫ్రేమ్ రేటుకూ మార్చుకుంటే పాతది చక్కగా తీసుకుంటుంది. నెలకు నాలుగైదు ఫోన్ క్లిప్పులైతే ఈ దారి చాలు. వచ్చే పనంతా ఫోన్‌లదే అయితే మాత్రం మార్చడమే లాభం. చుట్టాలు వాట్సాప్‌లో పంపిన వీడియో బాగా రాలేదని వెర్షన్ మార్చడం వేరే సంగతి. వాట్సాప్ కుదించి పారేసిన వివరాన్ని ఏ వెర్షనూ వెనక్కి తేలేదు, అసలు ఫైలు అడిగి తెచ్చుకోవాలి.

రెండోది తెలుగు అక్షరం. ఇది మన భాషవాళ్లకు బాగా తెలిసిన బాధ. పాత ఎడిటర్ల టైటిల్ పనిముట్లకు యూనికోడ్ తెలుగును పేర్చడం రాదు. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొడితే ఘ కింద చేరాల్సిన న వత్తు విడిపోయి పొల్లుతో పక్కన నిలబడుతుంది. పెళ్లికొడుకు పేరులో ష్ణ ఉంటే అదీ అంతే. అందుకే స్టూడియోలు చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. ఫొటోషాప్‌లో పేర్లు పేర్చి, వెనక నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, దాన్ని టైమ్‌లైన్ మీద వేసుకున్నాయి. ఇప్పటికీ ఆ దారి పనిచేస్తుంది. పేర్లు కదులుతూ, ఒక్కో అక్షరం విచ్చుకుంటూ రావాలంటే మాత్రం తెలుగును సరిగ్గా పేర్చే కొత్త వెర్షన్ కావాల్సిందే. ఇది న్యాయమైన కారణం. విచిత్రమేమిటంటే వెర్షన్ మార్చమని వాదించేవాళ్లు ఈ కారణం ఎత్తరు.

వాళ్లు ఎత్తేది డ్రోన్. నాలుగు కె డ్రోన్ షాట్లు పాత సాఫ్ట్‌వేర్‌లో ఆడవు కాబట్టి మార్చాలంటారు. ఆడవన్నది చాలావరకు నిజమే. కానీ 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య కూడా 200 అడుగులు దాటితే అనుమతి కావాలి. శంషాబాద్ హైవే ఫంక్షన్ హాళ్లలో బరాత్‌ను ఆకాశం నుంచి తీయడం ముందుగా అనుమతి సమస్య, సాఫ్ట్‌వేర్ సమస్య కానే కాదు.

మార్చాల్సిన సందర్భాల్లో మూడోది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటర్నెట్‌కు తగిలించిన కంప్యూటర్‌లో మద్దతు లేని విండోస్ నడపడం మంచిది కాదు. పాత సాఫ్ట్‌వేర్లకు చిన్న చిన్న ఊతకర్రలు కూడా పోతున్నాయి. ఎంఓవీ ఫైళ్లు చదవడానికి అవి ఆధారపడిన విండోస్ క్విక్‌టైమ్‌ను 2016లో ఆపిల్ వదిలేసింది. అడోబీ సీఎస్2ను యాక్టివేట్ చేసే సర్వర్లను మూసేసినప్పుడు, 2013లో, ఆ సర్వర్లతో పనిలేని కాపీని కంపెనీయే విడుదల చేయాల్సి వచ్చింది. ప్రతి కంపెనీ ఆ మర్యాద పాటిస్తుందని నమ్మకం లేదు. ఎలాగూ మార్చక తప్పదన్న వాదంలో బలమున్నది ఇక్కడే. అయితే దీనికి జవాబు పాత కంప్యూటర్‌ను తుడిచి కొత్తది వేయడం కాదు, ఇంటర్నెట్ తీగ పీకేసి దాన్ని అలాగే ఉంచడం. మినీ డీవీ క్యాసెట్‌ను ఎక్కించాలంటే ఫైర్‌వైర్ పోర్టు కావాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది లేదు, విండోస్ 8 నుంచి దాని పాత డ్రైవర్‌ను విడిగా వేసుకోవాల్సి వస్తోంది. వెర్షన్ కోసం కంప్యూటర్‌నే మార్చిన ఇంట్లో క్యాసెట్లు ఉంటాయి, వాటిని ఎక్కించే దారి ఉండదు.

డిస్కుల కాలమే అయిపోయిందని, పాతదీ కొత్తదీ రెండూ దండగని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. చూసే సాధనంగా డిస్క్ తగ్గిన మాట నిజమే. సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి దేశమంతా కదిలించిన మోజర్ బేయర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. 2016లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ ఆపింది. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసుకునే బ్లూరే డిస్కులతో పాటు మినీ డీవీ క్యాసెట్ల తయారీ కూడా మానేసింది. అయితే ఈ వార్తలన్నీ కలిపి చెప్పేది వేరు. కరువొచ్చింది సాఫ్ట్‌వేర్‌కు కాదు, క్యాసెట్ ఆడించే యంత్రానికి. వానాకాలంలో తేమకు వీహెచ్‌ఎస్ రీలు మీద తెల్లగా బూజు పడుతుంది. ఆ రీలును ఆడించే వీసీఆర్ హెడ్ అరిగితే బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. గంట మినీ డీవీ క్యాసెట్ ఉన్నదున్నట్టు ఎక్కిస్తే 13 జీబీ, ఆరు క్యాసెట్ల పెళ్లి 78 జీబీ. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో ఇలాంటి పెళ్లిళ్లు డజను పడతాయి. వెర్షన్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి ఇంట్లో, ఒకటి తోబుట్టువు ఇంట్లో పెట్టడం బుద్ధిమంతుల పని. ఎక్కించాక డిస్క్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఏ వెర్షన్‌తోనైనా.

నిర్ణయానికి వరస ఇదే. డిస్క్ చెడిపోయిందంటే ముందు ధ్వని అమరిక, నిడివి, ఫీల్డ్ ఆర్డర్, పాల్-ఎన్‌టీఎస్‌సీ చూడాలి. ఇవి సరిగ్గా ఉండి కూడా ఫైలు లోపలికి రాకపోతేనో, తెలుగు పేర్లు విరుగుతుంటేనో, సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతేనో కొత్తదాన్ని తలపెట్టాలి. తలపెట్టినా పాతదాన్ని తీసేయకుండా పక్కన వేసుకోవాలి. ట్రయల్ గడువులో పది నిమిషాల మిక్సింగ్ చేసి, డిస్క్ రాసి, ఇంట్లో ఉన్న అతి పాత ప్లేయర్‌లో ఆడించి చూడాలి. మాఘమాసం ముహూర్తాల మధ్యలోనో, శ్రావణం పెళ్లిళ్లు మొదలయ్యాకో ఈ పని పెట్టుకుంటే కస్టమర్ల ఫోన్లు ఎత్తలేక చస్తారు. ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకోవాలి. అప్పుడు ఎలాగూ కెమెరాలు బ్యాగుల్లోనే ఉంటాయి, బకాయి ఉన్న డిస్కులు మాత్రమే మిగిలి ఉంటాయి. కొత్తది వచ్చాక కూడా ఫైర్‌వైర్ పోర్టున్న పాత సీపీయూను పాత ఇనుప సామాను బండికి వేయకుండా, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి మూలన ఉంచాలి, పక్కనే దాని తీగ కూడా.